అప్పు పుట్టని వీధులు

(అట్లాంటా శివారులోని ఒక గ్రంథాలయంలో, ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర మాసం సందర్భంగా జరిగిన తెలుగువారి సమావేశంలో ఒక అకౌంటెంట్ చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. శనివారం మధ్యాహ్నం పిల్లల ఆటలు, సంగీతం క్లాసులు పక్కన పెట్టి వచ్చారు, సంతోషం. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఒక ప్రశ్న అడుగుతాను. తిరుమలలో తలనీలాలు సమర్పించినవారు ఈ గదిలో ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. నేనూ ఇచ్చాను. మా అమ్మాయి పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయించాం. కల్యాణకట్టలో తల వంచి కూర్చున్నాం, గోవిందా అనుకున్నాం, తలకు గంధం రాసుకుని దర్శనానికి వెళ్లిపోయాం. ఆ జుట్టు తర్వాత ఎక్కడికి పోయిందని ఎప్పుడైనా అడిగామా?

నేను అడగలేదు. ఇక్కడికి వచ్చిన చాలా ఏళ్లకు ఒక దుకాణంలో తెలిసింది. నేను ఈ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తున్నాను. నా దగ్గరకు మనవాళ్లు వస్తారు, గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు నడిపేవారు. నల్లజాతివారూ వస్తారు, క్షౌరశాలలు, వంట కాంట్రాక్టులు, పసిపిల్లల సంరక్షణ కేంద్రాలు నడిపేవారు. వారిలో ఒకావిడ జడలు అల్లుతారు, సవరాలు కుడతారు. ఆవిడ సంగతి మీకు చెప్పడానికి ఒప్పుకున్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

ఒకరోజు రసీదులు తీసుకుందామని ఆవిడ సెలూన్‌కు వెళ్లాను. బల్ల మీద ఒక సన్నని పెట్టె ఉంది. అందులో నల్లని సవరం, నున్నగా, కుదురు నుంచి కొస దాకా ఒకే వాలుగా ఉంది. పెట్టె మీద ఇంగ్లీషులో ‘భారతీయ దేవాలయ కేశాలు’ అని అచ్చువేసి ఉంది. ధర 200 డాలర్లకు దగ్గర. నా చేతిలోకి తీసుకున్నాను. ఎవరి మొక్కో అది. ఎవరి బిడ్డకు జ్వరం తగ్గితే ఇచ్చుకున్నదో. పట్టుకుని కాసేపు మాట్లాడలేకపోయాను.

ఇప్పుడు లెక్క చూద్దాం, నా వృత్తి అదే కదా. తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. ఏటా 100 కోట్ల రూపాయలకు పైగా వస్తుంది. పాడుకున్న ఎగుమతిదారుకు లాభం. కడిగి, చిక్కు తీసి, కుచ్చులుగా కుట్టిన కర్మాగారానికి లాభం. ఇక్కడ దించుకున్న దిగుమతిదారుకు లాభం, టోకు వర్తకుడికి లాభం, వీధి చివర ఉన్న పెద్ద దుకాణానికి లాభం. అందరి తర్వాత ఈవిడ ఉన్నారు. నాలుగైదు గంటలు నిలబడి, ఒక మనిషి తలకు అతికినట్టు కుట్టి పంపే ఆవిడ. అందరికీ లాభం వస్తే ఈవిడకు వచ్చేది కూలి.

కొనేవారు నల్లజాతి స్త్రీలు. కుట్టేవారు నల్లజాతి స్త్రీలు. మధ్యలో ఉన్న గోదాములు, దిగుమతులు, దుకాణాలు మాత్రం చాలావరకు వారివి కావు. డబ్బు ఆ వీధిలోకి వస్తుంది, చేతులు మారుతుంది, పొద్దుపోయేసరికి వీధి దాటి వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి ఆ పుస్తకాలు రాస్తున్నాను కాబట్టి నాకు ఇది ఊహ కాదు, కాగితం మీద కనిపించే సంగతి.

వీధి చివర దుకాణం ఒక కొరియన్ కుటుంబానిది. నేను వారిని తప్పుపట్టడం లేదు, దయచేసి అలా అనుకోవద్దు. 1960ల్లో కొరియా నుంచి విగ్గుల ఎగుమతి మొదలైనప్పుడు ఇక్కడికి వచ్చినవారు ఆ వ్యాపారంలో దిగారు. వారికి ‘కే’ అని ఒక పద్ధతి ఉంది. పదిమంది చేరి నెలనెలా డబ్బు వేస్తారు, ఒక్కొక్క నెల ఒక్కొక్కరు తీసుకుంటారు. మనకు తెలియనిదా? మన చీటీయే! కరీబియన్ దీవుల నల్లవారు దాన్నే ‘సూసూ’ అంటారు. మన పెద్దలు చీటీ ఎత్తి పెళ్లిళ్లు చేశారు, బోర్లు వేయించారు, దుకాణాలు పెట్టారు. చేతిలో డబ్బు లేనివాడికి నమ్మి డబ్బిచ్చే చోటు ఒకటి ఉండాలి, అది ఏ పేరుతో ఉంటేనేం?

మరి మన ఇళ్లలో వినిపించే మాట ఏమిటి? విందుల్లో, ప్లేటు చేతిలో పట్టుకుని ఎంత తేలిగ్గా అంటామో చెప్పండి. ‘మనం రెండు సూట్‌కేసులతో వచ్చి నిలదొక్కుకున్నాం కదా, వాళ్లకేమైంది? వాళ్లు దాచుకోరండీ’ అంటాం. నేనూ ఒకప్పుడు ఈ మాట విని ఊరుకున్నాను. ఇవాళ ఊరుకోను. దానికి జవాబు చెప్పడానికే వచ్చాను.

దాచుకోరా? బానిసత్వం నుంచి బయటపడిన మరుక్షణం వారు చేసిన పని దాచుకోవడమే. 1865 మార్చి 3న లింకన్ సంతకంతో ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు ఏర్పడింది. బానిసలుగా ఉండి విడుదలైనవారు, నల్లజాతి సైనికులు, చాకలి పని చేసేవారు, కౌలు రైతులు తమ మొదటి సంపాదన తెచ్చి అందులో వేశారు. ప్రభుత్వం బ్యాంకు కదా, భద్రంగా ఉంటుంది అనుకున్నారు. పెత్తనం మాత్రం వారి చేతిలో లేదు. పెత్తనం చేసినవారు ఆ డబ్బును తమకు కావలసిన వారికి, జూదం లాంటి వ్యాపారాలకు అప్పులిచ్చారు. 1873లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. చివరి నెలల్లో నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఆయన తన సొంత డబ్బు 10,000 డాలర్లు వేసి నిలబెట్టాలని చూశారు. అప్పటికే లోపల డొల్ల. 1874 జూన్‌లో మూతపడింది. 61,144 మంది డిపాజిటర్లు, దాదాపు 30 లక్షల డాలర్లు. కొందరికి ఏళ్లు తిరిగాక కొంత చేతికొచ్చింది. చాలామందికి అదీ లేదు.

మన దగ్గర ఒక సహకార బ్యాంకు మూతపడితే ఆ ఊరివాళ్లు ఎన్ని తరాలు బ్యాంకు గుమ్మం తొక్కడానికి భయపడతారో మీకు తెలుసు. ఇక్కడ ఒక జాతి మొత్తానికి అది జరిగింది.

అయినా మానలేదు, అది చెప్పాలి. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు ఈ మనిషి అంటే ప్రాణం. మ్యాగీ లీనా వాకర్. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో 1864లో పుట్టారు. తల్లి బానిసగా బతికిన మనిషి. భర్త చనిపోయాక ఊరి బట్టలు ఉతికి పిల్లలను పెంచింది. చిన్నారి మ్యాగీ ఆ బట్టలు ఇళ్లకు చేరవేసేది. నెత్తిన బట్టల బుట్టతోనే పుట్టానన్నట్టు తన గురించి తర్వాత చెప్పుకున్నారు. ఆ పిల్ల పెద్దదై సెయింట్ ల్యూక్ అనే పరస్పర సహాయ సంఘాన్ని చేతిలోకి తీసుకుంది. జబ్బు చేస్తే, మనిషి పోతే ఆదుకునే సంఘం అది. 1901లో ఆ సంఘం మహాసభలో లేచి, మన డబ్బు మన దగ్గర పెట్టుకుందాం, మన నికెళ్లను డాలర్లు చేసే బ్యాంకు పెట్టుకుందాం అన్నారు. నికెల్ అంటే అయిదు సెంట్ల బిళ్ల. అప్పటికి వర్జీనియాలో స్త్రీకి ఓటే లేదు.

1903 నవంబరు 2న సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తలుపులు తెరిచింది. అమెరికాలో బ్యాంకు స్థాపించి అధ్యక్షురాలైన తొలి నల్లజాతి స్త్రీ ఆమె. ఆ రోజు వందల మంది వచ్చారు. 280 డిపాజిట్లు, 8,000 డాలర్లకు పైగా వచ్చాయి. వంద డాలర్లు దాటి వేసినవారు ఉన్నారు. 31 సెంట్లు వేసి ఖాతా తెరిచినవారు ఒకరు ఉన్నారు. ఆ 31 సెంట్ల మనిషిని నేను ఎన్నిసార్లు తలచుకున్నానో! కౌంటరు దగ్గర ఆ చిల్లర లెక్కపెట్టిన ఉద్యోగి నవ్వి ఉండరు. పుస్తకంలో పేరు రాసి, అంకె వేసి, చేతికిచ్చి ఉంటారు. పిల్లలకు చిన్న అట్టపెట్టెలు ఇచ్చేవారు, పెన్నీలు వేసుకోవడానికి. డాలరు నిండితే ఖాతా.

నెల్లూరు వైపు నుంచి వచ్చిన అక్కలు ఇక్కడ ఉన్నారు, వారికి ఇది వింటుంటే ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. సారా వ్యతిరేక పోరాటం తర్వాత రోజుకో రూపాయి దాచిన పొదుపు లక్ష్మి సంఘాలు. ఆ సంఘాలు ఎందుకు నిలబడ్డాయి? దాచినందుకు మాత్రమేనా? కాదు. దాచిన దాన్ని చూసి బ్యాంకు అప్పిచ్చింది. గేదె వచ్చింది, కుట్టుమిషను వచ్చింది, కిరాణా కొట్టు వచ్చింది. పొదుపు ఒక కాలు, అప్పు రెండో కాలు. వాకర్ బ్యాంకూ అదే చేసింది. 1920 నాటికి ఆ బ్యాంకు సాయంతో దాదాపు 600 ఇళ్లు కొనుక్కున్నారు. 1930ల మాంద్యంలో దేశమంతా బ్యాంకులు కూలుతుంటే, ఊళ్లోని మరో రెండు నల్లజాతి బ్యాంకులతో కలిసి తట్టుకుని నిలబడింది.

మన ఊరి సంగతికి వస్తాను. ఆబర్న్ అవెన్యూ మీదుగా ఎంతమంది వెళ్లారు? మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు చూపించడానికి చుట్టాలను తీసుకెళతాం కదా, ఆ వీధి. అలోంజో హెర్న్‌డన్ 1858లో బానిసగా పుట్టి, క్షురక వృత్తిలో పైకొచ్చి, 1905లో ఒక చిన్న సహాయ సంఘాన్ని 140 డాలర్లకు కొని అట్లాంటా లైఫ్ బీమా కంపెనీగా పెంచింది ఇక్కడే. 1921లో సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంకు పుట్టిందీ ఇక్కడే. ఆ తర్వాత హైవే వేయాలన్నప్పుడు ఆ వీధిని నడిమధ్యకు కోశారు. రిచ్‌మండ్‌లో వాకర్ ఉన్న జాక్సన్ వార్డునూ అలాగే కోశారు. ఓక్లహోమాలోని టల్సాలో 1921లో గ్రీన్‌వుడ్ అనే వ్యాపార పేటను, 35 బ్లాకుల మేర, మూకలు తగలబెట్టాయి. బీమా కంపెనీలు పరిహారం ఇవ్వలేదు. దాచుకోనివారి దగ్గర తగలబెట్టడానికి ఏముంటుంది?

ఎర్రగా రంగు వేసిన పటాలు

సరే, అప్పు సంగతి. మన భాషలో ‘అప్పు పుట్టడం’ అంటాం. ‘ఊళ్లో వాడికి రూపాయి అప్పు పుట్టదు’ అంటే అర్థం ఏమిటి? వాడి మాటకు విలువ లేదని. ఈ దేశంలో ఆ మాటను మనుషుల మీద కాదు, వీధుల మీద రాశారు.

1930ల్లో ఇళ్ల రుణాల కోసం ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు గీసింది. నల్లజాతివారు ఉండే పేటలకు ఎర్ర రంగు వేశారు. ఎరుపు అంటే అప్పిస్తే ప్రమాదం. 1934లో వచ్చిన గృహ రుణ హామీ పథకం కూడా ఆ పేటలను దూరంగా పెట్టింది. తెల్లవారు కొత్త శివారుల్లో తక్కువ వడ్డీకి ఇళ్లు కొన్నారు. నల్లజాతివారు అదే జీతంతో అద్దె కట్టారు. చట్టం మారింది, 1968లో గృహ వివక్ష నిషేధం, 1976లో రుణాల్లో జాతి వివక్ష నిషేధం, 1977లో బ్యాంకులు తమ చుట్టుపక్కల పేటలకూ అప్పులివ్వాలన్న చట్టం వచ్చాయి. కానీ ముప్ఫై నలభై ఏళ్లలో ఒక ఇంటి ధర ఎంత పెరుగుతుంది? ఆ పెరుగుదల ఎవరి పిల్లలకు దక్కింది?

ఇల్లు ఎందుకు ముఖ్యమో మీకు వేరే చెప్పనక్కర్లేదు, మనలో చాలామంది మొదటి వ్యాపారానికి ఇల్లే తాకట్టు పెట్టారు. 2022లో ఫెడరల్ రిజర్వ్ లెక్క చూడండి. మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి, అప్పులు తీసేయగా, 2,85,000 డాలర్లు. మధ్యస్థ నల్లజాతి కుటుంబానికి 44,900. ఆరింట ఒక వంతు కన్నా తక్కువ. జనాభాలో వారు సుమారు 14 శాతం. ఉద్యోగులను పెట్టుకున్న వ్యాపారాల్లో వారివి 3 శాతం చిల్లర.

మా క్లయింటు సంగతి చెబుతాను. పదకొండేళ్లుగా సెలూన్ నడుపుతున్నారు. ఒక్క ఏడాది పన్ను ఎగ్గొట్టలేదు, దానికి నేనే సాక్షి. పక్క గది ఖాళీ అయితే, అక్కడ సవరాల దుకాణం పెట్టుకుందామని 40,000 డాలర్ల అప్పు అడిగారు. సరుకు తానే తెప్పించుకుంటే కూలితోపాటు లాభమూ తనకే మిగులుతుందన్నది లెక్క. లెక్క సరైనదే, నేను రెండుసార్లు చూశాను. బ్యాంకు ఆయన కాగితాలు తిప్పి, ఇల్లు ఉందా అన్నారు. లేదు. పూచీ పడే బంధువులు? వారికీ లేదు. తలుపు దాకా మర్యాదగానే సాగనంపారు. ఆయన చెడ్డవారని నేను అనను. కానీ ఆయన అడిగిన ఆ రెండు ప్రశ్నలకు జవాబు తొంభై ఏళ్ల కిందట ఎర్ర సిరాతో రాసిపెట్టారు. కారు దాకా వచ్చాక ఆవిడ నాతో ఏమీ అనలేదు. తాళంచెవి వెతుక్కుంటూ చాలాసేపు నిలబడ్డారు.

మళ్లీ 2020. కరోనా వచ్చినప్పుడు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌కు వ్యాపారం నడుపుతున్న నల్లజాతివారి సంఖ్య 41 శాతం పడిపోయింది, తెల్లవారిలో 17 శాతం. జీతాల సహాయం కోసం కేంద్రం ఇచ్చిన మొదటి విడత నిధి 13 రోజుల్లో అయిపోయింది. ఆ రోజుల్లో నా ఫోను మోగుతూనే ఉంది. పెద్ద ఖాతాలున్న నా క్లయింట్లకు బ్యాంకు వాళ్లే ఫోను చేసి ఫారాలు పంపారు. ఈవిడకు ఎవరూ చేయలేదు. మేమే చేశాం, గంటల తరబడి పట్టుకుని కూర్చున్నాం.

ఇంకొక్క అడ్డంకి చెప్పి ముందుకు వెళతాను. అనుమతి. టెక్సాస్‌లో ఐసిస్ బ్రాంట్లీ అనే ఆవిడను జడలు అల్లుతున్నారని 1997లో అరెస్టు చేశారు, సౌందర్య చికిత్స లైసెన్సు లేదని. అమ్మమ్మల నుంచి వచ్చిన విద్య అది. తర్వాత ఆ విద్య నేర్పే బడికి క్షౌరశాల కుర్చీలు పది ఉండాలన్నారు. ఆవిడ కోర్టుకు వెళ్లి, 2015లో గెలిచారు. పద్దెనిమిదేళ్లు పట్టింది. మన ఇంట్లో పూలజడ వేయడానికి సర్కారు అనుమతి కావాలంటే మనకెలా ఉంటుంది?

మన ఖాతాలో ఉన్నది

ఇదంతా మనకెందుకు అని ఎవరికైనా అనిపిస్తే, రెండు సంగతులు చెబుతాను.

ఒకటి, 1965. అంతకుముందు భారతదేశం నుంచి ఏడాదికి వందమందికి వలస వీసా దొరికితే గొప్ప. పౌరహక్కుల ఉద్యమం ఈ దేశాన్ని కదిలించింది కాబట్టే, జాతిని బట్టి మనిషికి విలువ కట్టే వలస కోటాలు నిలవలేకపోయాయి. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం, అదే ఏడు అక్టోబరులో కొత్త వలస చట్టం. మన మొదటి డాక్టర్లు, ఇంజనీర్లు దిగిన తలుపు అదే. తలుపు తెరిచినవారు దెబ్బలు తిన్నారు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఎ.జి. గాస్టన్ అనే నల్లజాతి వ్యాపారి మోటల్‌లో బస చేసి కింగ్ ఉద్యమం నడిపారు. 1963 మేలో ఆ మోటల్ మీద బాంబు వేశారు. మోటళ్లు నడిపే మన సోదరులు ఒక్కసారి ఊహించుకోండి, మీ అతిథి కోసం మీ మోటల్‌ను పణంగా పెట్టడం.

రెండు, మనమంతా దిగిన విమానాశ్రయం. పేరులో హార్ట్స్‌ఫీల్డ్ పక్కన జాక్సన్ అని ఉంటుంది కదా, ఆయన మేనార్డ్ జాక్సన్, అట్లాంటా తొలి నల్లజాతి మేయర్. 1970ల్లో కొత్త టెర్మినల్ కడుతున్నప్పుడు కాంట్రాక్టుల్లో నాలుగో వంతు అల్పసంఖ్యాక వ్యాపారులకు దక్కాలని పట్టుబట్టారు. అంతకుముందు నగరం పనుల్లో వారి వాటా ఒక శాతం కూడా లేదు. పెద్ద కంపెనీలు గగ్గోలు పెట్టాయి. ఆయన దిగిరాలేదు. 1980లో టెర్మినల్ తెరిచారు. ఎంతోమంది నల్లజాతి కాంట్రాక్టర్లు, దుకాణదారులు నిలదొక్కుకుంది దానివల్లే. కాబట్టి చేయలేనిదేమీ కాదు, కావలసింది ఒకరు గట్టిగా కూర్చోవడం.

ఈ మధ్య గాలి ఎదురుగా వీస్తోంది. మన ఊరి ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళల వ్యాపారాలకు 20,000 డాలర్ల చొప్పున ఇస్తుంటే, అది జాతి వివక్ష అంటూ 2023లో దావా వేశారు. మరుసటి ఏడాది ఆ పథకం ఆగిపోయింది. బాధగా ఉంది. కానీ ఎవరి దావా అడ్డు రానివి మన చేతిలో కొన్ని ఉన్నాయి.

మన సంఘం నిధి ఏ బ్యాంకులో ఉంది? కోశాధికారి గారు నా వైపు చూస్తున్నారు, నేనూ మీ వైపే చూస్తున్నాను. సిటిజన్స్ ట్రస్ట్ లాంటి నల్లజాతి బ్యాంకులో పెడితే మనకు పోయేదేమీ లేదు. ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 2,50,000 డాలర్ల వరకు కేంద్ర బీమా ఎక్కడైనా ఒకటే. పెట్టిన డిపాజిట్టే రేపు ఆ పేటలో ఎవరికో అప్పుగా పుడుతుంది. 2016లో కిల్లర్ మైక్ అనే మన ఊరి ర్యాప్ గాయకుడు పిలుపిస్తే వేలమంది ఖాతాలు తెరిచారు. మనం ఒక్క ఖాతా తెరవలేమా? మా ఆఫీసు డబ్బు నేను మూడేళ్ల కిందటే మార్చాను.

దుకాణ సముదాయాలున్నవారు ఇక్కడ ముగ్గురు కనిపిస్తున్నారు. అద్దెకు వచ్చినవారి క్రెడిట్ స్కోరు ఒక్కటే చూడకండి. పాత చోట అద్దె ఎలా కట్టారో ఫోను చేసి అడగండి. ఉగాదికి కుర్చీలు, టెంట్లు, ఫొటోలు ఎవరితోనో చేయిస్తాం కదా, ఆ పేటల్లో ఉన్నవారినీ అడగండి. ముఖ్యంగా, పని అయిన రోజే డబ్బు ఇచ్చేయండి. చిన్న వ్యాపారం నష్టంతో కన్నా బాకీలు రాక చచ్చిపోతుంది. నా పుస్తకాల్లో అలా పోయినవి చాలా చూశాను.

లెక్కలు వచ్చినవారు ఈ గదిలో కనీసం ఇరవై మంది ఉంటారు. పెద్ద బ్యాంకు కాదన్నాక, మా క్లయింటు ఇప్పుడు చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ఒక సామాజిక రుణ సంస్థకు దరఖాస్తు చేస్తున్నారు. వాళ్లు ఇల్లు అడగలేదు. మూడేళ్ల జమాఖర్చులు నెలవారీగా కావాలన్నారు. రెండేళ్లవి పూర్తయ్యాయి. మూడో ఏడాదివి, సెలూన్‌లో కరెంటు పోయిన వారంలో తడిసిపోయిన రసీదులు, ఒక చెప్పుల పెట్టెలో ఉన్నాయి. వచ్చే శనివారం ఉదయం తొమ్మిదికి మా ఆఫీసులో కూర్చుని వాటిని విడదీస్తాం. ఆవిడ కూడా వస్తారు. నాలుగు కుర్చీలు ఉన్నాయి, రెండు ఖాళీ. వచ్చేవారు ఇప్పుడే పేరు ఇవ్వండి.